గట్టు వేసే ముందు అలుగు చూసుకోండి

మీ మెట్ట చేలో వాగు ఉందా? వాగంటే పెద్ద వాగు కాదండీ. వాన గట్టిగా కొట్టినప్పుడు మోకాలి లోతున పారి, మర్నాడు మధ్యాహ్నానికి చెమ్మ మాత్రం మిగిలే పల్లపు దారి. అలాంటిది ఉన్న రైతుకు ఎప్పుడో ఒకప్పుడు ఒక ఆలోచన వచ్చి తీరుతుంది. ఈ నీళ్లన్నీ ఊరికే కిందకి పోతున్నాయి కదా, అడ్డంగా ఓ మట్టిగట్టు వేసి ఆపితే పంట ఎండే రోజుల్లో ఒక తడికైనా పనికొస్తాయి కదా అని.

ఆలోచన మంచిదే. తాతల నాటి నుంచీ ఉన్నదే. కాకపోతే గట్టు వెయ్యడం వేరు, గట్టు నిలబడడం వేరు. ఈ వారం చెప్పేది ఆ రెండో దాని గురించి.

పిఠాపురం చుట్టుపక్కల నీళ్లు అందరికీ ఒక్కలా రావు. ఈ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పల్లపు పొలాలకు పిఠాపురం బ్రాంచి కాలువ నుంచి గోదావరి నీళ్లు వస్తాయి. మరికొన్ని ఊళ్లకు ఏలేరే దిక్కు. ఈ రెండూ ఎక్కని ఎగువ మెట్ట పొలాలకు ఆకాశమే దిక్కు. అక్కడ కొందరికి బోర్లున్నాయి, కొందరికి అవీ లేవు. గట్టు ఆలోచన వచ్చేది ఎక్కువగా ఈ మూడో రకం వాళ్లకే.

మా ఇంట్లో జరిగిందే ముందు చెబుతాను. 1996 వేసవిలో మా నాన్నగారు మెట్ట చేలో వాగుకి అడ్డంగా గట్టు వేయించారు. చుట్టుపక్కల మట్టినే ట్రాక్టరుతో తోయించి, పైన పారలతో సర్దించారు. ఎత్తు తొమ్మిది అడుగుల దాకా వచ్చింది. మా కింద చేను ఆయన వరసకు బావగారైన ఒక పెద్దమనిషిది. పని జరుగుతుంటే ఆయన వచ్చి చూసి, "అంతా బాగుంది గానీ బావా, అలుగెక్కడ పెడుతున్నావు?" అనడిగాడు. మా నాన్నగారు నవ్వి, "ఈ బుల్లి వాగుకి అలుగెందుకు బావా, సగం నిండితే గొప్ప" అన్నారు. నాకప్పుడు పదహారేళ్లు. తట్టలు మోసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ ఏడాది నవంబరు 6న కోనసీమను ముంచిన తుపాను వచ్చింది. మా వైపు గాలి నష్టం అక్కడంత లేదు గానీ వాన వాయించేసింది. గట్టు నిండింది. నిండిన నీళ్లు గట్టు మీదుగా, ఎక్కడ మట్టి కుంగి కాస్త పల్లంగా ఉందో అక్కడినుంచి పొర్లాయి. తెల్లవారేసరికి గట్టు నడుమ పెద్ద గండి. కింద చేలో కోతకొచ్చిన వరి మీద ఇసుక మేట. మా బావగారు గొడవ పడలేదు. చేను గట్టున కూర్చుని, "నీళ్లు నీవి బావా, ఇసుక మాత్రం నాకొచ్చింది" అన్నాడు. ఆ మాట మా నాన్నగారు చివరి దాకా మర్చిపోలేదు.

ఒక కుంట ఎంత నీళ్లు పట్టుకుంటుంది?

ఇక లెక్కలోకి వద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి, కష్టమేమీ కాదు.

నిండినప్పుడు ఎకరం మేర నీళ్లు పరుచుకుని, గట్టు దగ్గర ఏడడుగుల లోతు ఉండే కుంట అనుకోండి. లోతు అంతటా ఏడడుగులు ఉండదు, వెనక్కి పోయే కొద్దీ తగ్గిపోతుంది. అందుకని విస్తీర్ణాన్ని లోతుతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ 0.4తో గుణిస్తే ఉజ్జాయింపు వస్తుంది. అంటే 2.8 ఎకరపు అడుగులు. ఎకరం నేల మీద అడుగు లోతు నీళ్లు నిలిస్తే అది ఒక ఎకరపు అడుగు, 12.33 లక్షల లీటర్లు. మన కుంటలో ఉన్నవి దాదాపు 34 లక్షల 50 వేల లీటర్లు.

వినడానికి చాలా పెద్ద అంకె. కానీ ఎండకు ఆవిరై, అడుగున ఇంకి, సగం పోతుందనుకోండి. ఎండాకాలంలో అయితే ఒక్క ఆవిరి రూపంలోనే రోజుకు పావు అంగుళం పైన పోతుంది. మిగిలిన సగంతో రెండంగుళాల తడి ఇస్తే ఎనిమిది ఎకరాలు తడుస్తాయి, ఒక్కసారి. అంతే. కాబట్టి ఈ కుంటను నమ్ముకుని దాళ్వా వరి వేద్దామనుకునే వాళ్లు ఆ ఆశ ఇక్కడే వదిలేసుకోవాలి. సార్వాలో వాన మొహం చాటేసిన పదిహేను రోజులు పైరును బతికించడానికి, కూరగాయలకు, అపరాలకు, కొత్తగా నాటిన జీడిమామిడి, మామిడి మొక్కలకు, పశువులకు మాత్రం ఇది ప్రాణాధారం. నేల ఇసుక కలిసినదైతే కింది బావుల్లో ఊట కూడా పెరుగుతుంది. ఆ నీళ్లు మీవి కాకుండా పక్కవాడి బావిలో తేలితే బాధపడకండి, వాన మీ ఒక్కరి మీదే కురవలేదుగా.

మరి ఈ చిన్న గట్లు వరదను ఆపుతాయా? 2024 సెప్టెంబరులో ఏలేరుకు వరద వచ్చి పిఠాపురం, గొల్లప్రోలు, కిర్లంపూడి వైపు పొలాలు మునిగాయి. అలాంటి వరదలప్పుడల్లా ఎగువ మెట్టలో తలో గట్టు వేసుకుంటే పల్లానికి ముంపు ఉండదనే మాట వినబడుతుంటుంది. లెక్క చూడండి. ఏలేశ్వరం దగ్గర ఏలేరు జలాశయం నిండు సామర్థ్యం 24.11 టీఎంసీలు. పైన చెప్పిన ఎకరం కుంటలు దాదాపు రెండు లక్షలు కలిస్తే గానీ అంత కాదు. పైగా పెద్ద వాన వచ్చేటప్పటికి కుంటలు ముందే నిండి ఉంటాయి. నిండిన కుంట వచ్చిన నీటిని వచ్చినట్టు కిందకి వదలాల్సిందే. తొలి వానల్ని ఆపుతుంది, మట్టి కొట్టుకుపోకుండా కొంత పట్టి ఉంచుతుంది. చిన్న గట్టు చేసే మేలు అంతవరకే. అంతకు మించి దాని నెత్తిన పెట్టకూడదు.

మట్టి మాట

తవ్విన నీటి కుంట వేరు, గట్టు వేసిన కుంట వేరు అని ముందు గుర్తుంచుకోండి. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చాక చాలా చేలల్లో తవ్వినవి గుంతల్లాంటివి. వాటిలో నీళ్లు నేల మట్టానికి కింద ఉంటాయి. గట్టు కరిగినా ప్రమాదం లేదు. వాగుకి అడ్డం వేసే గట్టు అలా కాదు, నీళ్లను నేలకంటే ఎత్తున నిలబెడుతుంది. ఆ నీళ్లు పగలూ రాత్రీ గట్టును తోస్తూనే ఉంటాయి, సందు ఎక్కడ దొరుకుతుందా అని.

చోటు ఎంచుకోవడంలోనే సగం ఖర్చు తేలిపోతుంది. రెండు పక్కలా మెరక ఉండి, నడుమ వాగు ఇరుగ్గా పారే చోట గట్టు పడాలి. దాని వెనక నేల పళ్లెంలా వెడల్పుగా ఉండాలి. అప్పుడు తక్కువ గట్టుకు ఎక్కువ నీళ్లు నిలుస్తాయి. రెండు మూడు చోట్ల పలుగుతో ఆరేడు అడుగులు తవ్వి చూడండి. అడుగున జిగురుమట్టి తగిలితే మంచిదే. వట్టి ఇసుక తగిలితే అక్కడ గట్టు మాట మర్చిపోండి. గట్టు ఎంత గొప్పగా కట్టినా నీళ్లు దాని కింద నుంచి దూరిపోతాయి.

పని మొదలుపెట్టేటప్పుడు గట్టు కూర్చునే మేరంతా పైమట్టి, గడ్డి, వేళ్లు, మొద్దులు చెక్కి పారెయ్యాలి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. కింద ఉండిపోయిన వేరు నాలుగేళ్లకు కుళ్లి గొట్టమవుతుంది, ఊట దాన్ని పట్టుకుని పోతుంది. చెక్కిన తర్వాత గట్టు నడుమ గీత వెంబడి ఒక కందకం తియ్యాలి. జిగురు నేల తగిలేదాకా తవ్వి, మంచి బంకమట్టితో తడిపి, కుదించి పూడ్చాలి. దీన్ని మన మేస్త్రులు కోర్ ట్రెంచి అంటారు. గట్టుకు వేరు లాంటిది ఇదే.

మట్టి పోయడంలోనే అసలు మోసం జరుగుతుంది. పొక్లెయిన్ గంటకు ఇంత అని మాట్లాడుకుంటాం కాబట్టి త్వరగా అయిపోవాలని అందరికీ తొందర. రెండడుగులు, మూడడుగులు ఒకేసారి కుప్పపోసి, పైన బండి రెండుసార్లు తిప్పి అయిందంటారు. పైన గట్టిపడుతుంది, లోపల బెల్లం అచ్చులా పొడిగా ఉండిపోతుంది. మొదటిసారి నీళ్లు నిలిచినప్పుడు ఆ లోపలి మట్టి కుంగి, గట్టు అడ్డంగా పగులుతుంది. ఆరు అంగుళాలు, మహా అయితే తొమ్మిది అంగుళాల వరుస పొయ్యాలి. తడపాలి. తొక్కించాలి. ఆ తర్వాతే పై వరుస. మట్టి ఎంత తడిగా ఉండాలో తెలియాలంటే గుప్పెట్లో తీసి పిసికి చూడండి. ముద్ద కట్టాలి, చేతికి నీళ్లు అంటకూడదు. పిడికిలి విప్పగానే రాలిపోతే ఇంకా తడపాలి. బురదలా జారితే ఆరనివ్వాలి. రోలరు దొరక్కపోతే బరువు వేసిన ట్రాక్టరు చక్రాలతో అడుగడుగూ తొక్కించండి. పాత రోజుల్లో గొర్రెల మందను, పశువులను తిప్పేవారు. గొర్రె గిట్ట కొంచెం మేరలో బరువంతా మోపుతుంది కాబట్టి మట్టి బాగా దిగుతుంది. గొర్రె కాళ్ల రోలరు అని ఇంజనీర్లు వాడేది ఆ గిట్టను చూసి చేసిందే.

ఎంత తొక్కించినా గట్టు కొంత కుంగుతుంది. చేతిపని అయితే ఎత్తులో పదో వంతు అదనంగా పోసి ఉంచండి. నడుమ ఇంకాస్త ఎత్తుగా ఉన్నా తప్పు లేదు, ఎక్కువ కుంగేది అక్కడే.

వాలు సంగతి. లోపలి వైపు, అంటే నీళ్ల వైపు, అడుగు ఎత్తుకు మూడడుగుల వాలు. బయటి వైపు అడుగుకు రెండడుగులు. పైన నడిచే మేర ఎనిమిది అడుగులు. పదడుగుల ఎత్తు గట్టుకు ఈ లెక్కన అడుగున వెడల్పు 58 అడుగులు రావాలి. ఈ అంకె చెబితే రైతులు నా మొహం చూస్తారు. నడుమ చోట గట్టు ప్రతి అడుగు పొడవుకీ 330 ఘనపుటడుగుల మట్టి పడుతుంది, అంటే మూడు ట్రక్కుల పైమాటే. ఇంత మట్టి పోసే స్తోమత లేకపోతే గట్టు ఎత్తు తగ్గించుకోండి గానీ నిట్టనిలువుగా గోడలా లేపకండి. పదడుగులు దాటే గట్టయితే ఇంజనీరు చూడకుండా ముట్టుకోవద్దు.

ఏ మట్టి ఎక్కడ? జిగురున్న మట్టి నడుమకీ లోపలి వైపుకీ వాడాలి. గరప, ఎర్రమట్టి బయటి వైపుకి. నల్లరేగడి నీళ్లను బాగానే ఆపుతుంది గానీ ఎండలో బీటలు వేస్తుంది. అందుకని దాన్ని లోపల కప్పేసి పైన వేరే మట్టి పొయ్యాలి. చౌడు మట్టి, ఇసుక ఎక్కువున్న మట్టి, చెత్త కలిసిన మట్టి దేనికీ పనికిరావు. గట్టుకు మట్టి తవ్వేటప్పుడు గట్టు కాలి దగ్గర తవ్వకండి. కనీసం గట్టు ఎత్తుకు రెండింతల దూరం వదిలి కుంట లోపల తవ్వితే లోతూ కలిసి వస్తుంది.

అసలు ప్రాణం అలుగులో ఉంది

అలుగు అనండి, కలుజు అనండి, మత్తడి అనండి. ఎక్కువైన నీళ్లు గట్టును ముట్టుకోకుండా పక్కనుంచి పోయే దారి అది. మట్టిగట్టు మీదుగా నీళ్లు పొర్లాయంటే ఇక అది గట్టు కాదు. బయటి వాలు మీద పారే నీళ్లు కింద నుంచి మట్టిని కోసుకుంటూ పైకి వస్తాయి, గంటలో పని అయిపోతుంది. పెద్ద ఆనకట్టలకూ ఇదే సూత్రం. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి కింది ఊళ్లలో ప్రాణాలు పోయాయి. అక్కడ కూడా వచ్చిన వరదకు బయటకు పోయే దారి చాలలేదు.

మీ వాగుకు ఎంత నీళ్లు రావచ్చో ఇలా చూసుకోండి. మీ గట్టు వెనక నీళ్లు వాలే నేల ఇరవై ఎకరాలు అనుకుందాం. నాలుగంగుళాల వాన కురిసి, అందులో నలభై శాతం పారితే 2.67 ఎకరపు అడుగులు వస్తాయి. మన కుంట దాదాపు ఆ ఒక్క వానకే నిండిపోతుంది. అది మంచి రోజు. తుపాను వచ్చి ఒక్కరోజులో ఎనిమిది అంగుళాలు కొట్టిందనుకోండి. నేల అప్పటికే తడిసి ఉంటుంది కాబట్టి డెబ్బై శాతం పారుతుంది. అప్పుడు వచ్చేవి 9.3 ఎకరపు అడుగులు, కుంట పట్టేదానికి మూడింతల పైన. "సగం నిండితే గొప్ప" అని మా నాన్నగారు అన్నది మామూలు వానను చూసి. గట్టు తెగేది తుపాను వానకి.

వెడల్పు తేల్చడానికి ఇంకో సులువైన లెక్క ఉంది. ఎకరం మేర మీద గంటకు అంగుళం చొప్పున వాన పడి అంతా పారితే అది దాదాపు ఒక క్యూసెక్కు. గంటకు రెండంగుళాల జోరు వాన, ఇరవై ఎకరాలు, డెబ్బై శాతం పారుదల అంటే 28 క్యూసెక్కులు. అంటే సెకనుకు దాదాపు 800 లీటర్లు. ఇంత నీరు అడుగు లోతున పోవాలంటే అలుగు పది, పన్నెండు అడుగుల వెడల్పు ఉండాలి. ఆ అడుగు మీద ఇంకో రెండడుగులు గట్టు మిగలాలి. అంటే గట్టు తల అలుగు మట్టానికి మూడడుగుల పైన ఉండాలి. మన కుంటలో అలుగు మట్టం ఏడు, గట్టు పది. నీళ్లు వాలే నేల ఎక్కువైతే వెడల్పు ఆ దామాషాలో పెంచండి. వందల ఎకరాల నీళ్లు వాలే వాగయితే అది ఒక రైతు ఒంటరిగా వేసే గట్టు కానే కాదు.

అలుగును కొత్తగా పోసిన మట్టి మీద పెట్టకూడదు. గట్టు చివర మెరకలో, పాత గట్టినేలను కోసి పెట్టాలి. అడుగు చదునుగా ఉండాలి, గరిక పట్టించాలి. దిగే చోట రాళ్లు పేర్చాలి. అలుగు నీళ్లు తిరిగి గట్టు కాలిని తాకకుండా దూరంగా వాగులోనే కలవాలి. నే చూసిన కొన్ని గట్లకు అలుగు ఉంది, కానీ దాని మీద సిమెంటు బస్తాలు అడ్డం పెట్టి ఉన్నాయి. ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని ఆశ! ఆ అడుగు నీళ్ల కోసం గట్టునే పందెం కాస్తున్నట్టు. చేపలు పోతున్నాయని అలుగుకు వల కట్టేవాళ్లూ ఉన్నారు. వలకు చెత్త అడ్డం పడితే అది కూడా గోడే.

తూము గొట్టం వేసేటప్పుడు కూడా జాగ్రత్త పడాలి. నున్నటి ప్లాస్టిక్ గొట్టం పక్కనుంచి నీళ్లు జారుకుంటూ పోతాయి. గొట్టానికి రెండు మూడు చోట్ల చుట్టూ సిమెంటు పళ్లెంలా పోసి, దాని చుట్టూ మట్టి చేత్తో కుదించాలి. గట్టు అంతా అయిపోయాక తవ్వి గొట్టం దూర్చడం అన్నిటికంటే చెడ్డ పని.

పాతవాళ్లు ఏం చేశారు?

సొంతంగా చెరువు వేయించడం మన తెలుగు నేలలో ఒకప్పుడు మర్యాదగల పని. చెరువు తవ్వించిన వాళ్లకు, బాగు చేసిన వాళ్లకు దశబంధం పేరుతో ఇనాం ఇచ్చేవారు. పదో వంతు ఫలమన్న మాట. రాయలసీమ, నెల్లూరు వైపు ఇది బాగా ఉండేది. అయితే దానికో షరతు ఉండేది. గట్టును ఎప్పటికప్పుడు బాగు చేసుకుంటూ ఉండాలి. చెయ్యకపోతే ఇనాం పోయేది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. ఆ చెరువు వేయించింది విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, చెరువుకు ఉండకూడని దోషాలు ఆరు అని ఆ శాసనంలో చెక్కించారు. మొదటి దోషం గట్టు నుంచి నీళ్లు ఊరడం. మిగిలినవి చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మెరక ఉండడం, నీళ్లు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై సాగు నేల తక్కువ కావడం. రాజ్యాల పొలిమేర మనకెందుకు అనుకోకండి. అన్నదమ్ముల పంపకంలో గట్టు ఒకరికి, కుంట ఒకరికి వచ్చిన చోట ఎవరు బాగు చెయ్యాలో తేలక గట్టు ఏమవుతుందో మీకు తెలిసిందే.

పిఠాపురం కూడా జమీందారీయే. అలాంటి ఎస్టేట్లలో చెరువులు, కాలువల బాగోగులు జమీందారు చూడాలి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ చెరువులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. గట్టు తెగితే నష్టం ఎవరిది అనే తగాదా మాత్రం అంతకు చాలా ముందే వచ్చింది. ఇప్పటి చిత్తూరు వైపు కార్వేటినగరం జమీందారీలో రెండు చెరువులు వరదకు తెగి, మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టుకుపోయాయి. కంపెనీ జమీందారు మీద దావా వేసింది. 1868లో ఇంగ్లండులో ఒక మిల్లు యజమాని తన సొంత జలాశయం నీళ్లు పక్కవాడి బొగ్గు గనిలోకి దిగినందుకు, తన తప్పు ఉన్నా లేకపోయినా నష్టం కట్టాలని అక్కడి ప్రభువుల సభ తీర్పు చెప్పింది. అదే ఇక్కడా చెల్లాలని రైల్వే వాదన. 1874లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. ఈ దేశంలో చెరువు సొంత సరదా కాదు, జనం బతకడానికి తరతరాలుగా ఉన్న ఏర్పాటు, దాన్ని కాపాడడం జమీందారు విధి, నిర్లక్ష్యం ఉంటేనే నష్టం కట్టాలి అని తేల్చింది. ఆ కేసులో జమీందారు నిర్లక్ష్యం లేదని అప్పటికే తేలి ఉంది కాబట్టి ఆయన బయటపడ్డాడు.

ఇది చదివి, అయితే మనకూ ఫర్వాలేదు అనుకునేరు. ఆయన బయటపడింది నిర్లక్ష్యం లేకపోవడం వల్ల. అలుగు లేని గట్టు వేసిన రైతు ఆ మాట చెప్పుకోగలడా?

గట్టు వేసే ముందు ఊళ్లో కూడా కొంత పని ఉంది. గ్రామ పటంలో మీ వాగు ఎలా రాసి ఉందో చూడండి. వాగు పోరంబోకు అని ఉంటే అది ప్రభుత్వానిది. మీ చేలో నుంచి పారినా సరే, తహసీల్దారు, ఇరిగేషన్ వాళ్ల అనుమతి లేకుండా అడ్డం కట్టకూడదు. పటంలో లేని చిన్న నీటి దారి మీ పట్టాలోనే పుట్టి పారుతున్నా, కింది రైతుకు సహజంగా వచ్చే నీళ్ల విషయంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం అతనికీ హక్కులున్నాయి. చట్టం పుస్తకం పట్టుకుని వెళ్లేకంటే ముందే వెళ్లి, "అన్నయ్యా, ఇక్కడ గట్టు వేద్దామనుకుంటున్నాను, అలుగు నీళ్లు ఎటు పోతే నీ చేనుకు ఇబ్బంది ఉండదు?" అని అడిగితే అరపూటలో తేలుతుంది. మీ నీళ్లు నిలిచే మేర వెనక్కి పోయి పై రైతు చేను మునుగుతుందేమో కూడా చూసుకోవాలి. తాడు, నీటి మట్టపు గొట్టం ఉంటే చాలు, నిండు మట్టం ఎక్కడిదాకా వస్తుందో మేకులు కొట్టి చూపించవచ్చు.

వేశాక పని అయిపోదు

మొదటి ఏడాది కుంటను పూర్తిగా నిండనివ్వకండి. వీలైతే తూము తెరిచి ఉంచి సగానికే ఆపండి. గట్టు బయటి వైపు రోజూ ఒకసారి నడవండి. కాలి దగ్గర చెమ్మ ఉంటే కంగారు లేదు. తేట నీళ్లు సన్నగా ఊరుతున్నా గమనిస్తూ ఉంటే చాలు. నీళ్లు బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతోందన్న మాట. వెంటనే తూము తీసి మట్టం తగ్గించండి. ఊట చోటును మట్టితో మూసెయ్యకండి. మూస్తే ఇంకోచోట తన్నుకొస్తుంది. దాని మీద ముందు ఇసుక, పైన కంకర వేసి బరువు పెట్టండి. నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి.

గట్టు మీద గరిక గానీ వట్టివేళ్లు గానీ ఉండొచ్చు. తుమ్మ, వేప, కొబ్బరి ఏ చెట్టూ వద్దు. నీడ బాగుంటుందని పెంచిన చెట్టు గాలికి ఊగితే గట్టు కదులుతుంది, చచ్చాక దాని వేరు గొట్టమవుతుంది. ఎలుకలు, ఎండ్రకాయలు, చెదలు చేసిన బుంగలు వేసవిలోనే తవ్వి, అడుగుదాకా పోయి, తడిమట్టితో కూరి మూసెయ్యాలి. పైన మట్టి కప్పి వదిలేస్తే లాభం లేదు. పిల్లలు ఈతకు దిగే కుంట అయితే చుట్టూ కంప వెయ్యండి. కొత్త కుంట అడుగున మట్టి తీసిన గోతులుంటాయి.

మా గట్టు సంగతి చెప్పి ఆపేస్తాను. తెగిన రెండేళ్లకు మా నాన్నగారు మళ్లీ వేయించారు. ఎత్తు రెండడుగులు తగ్గించారు, వెడల్పు పెంచారు, అలుగు తూర్పు మెరకలో పన్నెండు అడుగులు తీయించారు. ఆ రోజు టేపు రెండో కొస పట్టుకున్నది మా బావగారే. అలుగు అడుగున పరచడానికి రాళ్లు కూడా ఆయన చేలో నుంచే తోలించాడు. ఇప్పుడు ఇద్దరూ లేరు. ఏటా తొలకరికి ముందు ఆయన కొడుకూ నేనూ పార పట్టుకుని వెళ్లి అలుగులో పేరుకున్న చెత్త, మొలిచిన తుమ్మ మొక్కలు తీసేసి వస్తాం. అరపూట పని. కిందటేడు అలుగులో ఒక రాయి కదిలి ఉంటే తిరగేసి పెట్టాం, దాని కింద ఎండ్రకాయ బుంగ ఒకటి కనబడింది.